పెంచిన జీవికి కడసారి వీడ్కోలు

ఇంట ఎద్దు చనిపోయినచో ఏమి చేయవలెనో మన పెద్దలకు తెలియును. పసుపు కుంకుమలు చల్లి, పొలము గట్టున గుంట తీసి పూడ్చుట అనేక గ్రామములలో ఆచారముగా వచ్చుచున్నది. బసవని పేరు తలచుకొని దినము ప్రారంభించు మనకు ఎద్దు మరణము పరాయి మరణము కాదు. కాని పంజరములోని చిలుక చనిపోయిన దినమున, పిల్లవాడు ఒడిలో పెట్టుకొని పెంచిన కుందేలు తెల్లవారునప్పటికి బిగుసుకొనిపోయియున్న దినమున, ఏమి చేయవలెనో చెప్పు ఆచారము మనకు లేదు. ఆచారము లేనిచోట పెద్దలు విసుగుకొందురు, పిల్లలు ఏడ్తురు. అల్పప్రాణి యని మనము పిలుచు జీవికి మర్యాదతో కూడిన వీడ్కోలు చెల్లునా, చెల్లినచో అది ఎట్టిది అను ప్రశ్న ఆ విసుగునకును ఆ ఏడ్పునకును నడుమ నిలిచియున్నది. శరణ బంధువులు దీనిని చిన్న విషయమని త్రోసివేయక ఓపికతో చదువుదురు గాక.

నిజామాబాదు, బోధను ప్రాంతముల కుటుంబములకు ఇది ఊహకు పుట్టిన ప్రశ్న కాదు. మంజీరపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువలు ఈ నేలకు చెరకును తెచ్చినవి. ఆ చెరకును నమ్మి 1937లో బోధను ప్రక్కన శక్కర్‌నగరులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. చెరకుతోట మనుష్యునికి పంట. చెవులపిల్లికి, ముంగిసకు, కౌజుపిట్టకు, అడవిపిల్లికి మాత్రము అది ఏడాది పొడుగునను దాగుకొనుటకు దొరికిన అడవి. కోతలు ముగియవచ్చునపుడు పొలము నడుమ మిగిలిన మడిలోనికి ఈ ప్రాణులన్నియు చేరును. కడపటి వరుస నరకునపుడు తల్లి పారిపోవును, కూన దొరుకును. ఎవరి తువ్వాలలోనో చుట్టబడి అది ఇల్లు చేరును. పిల్లలు దూదివత్తితో పాలు పట్టుదురు, చిక్కుడు గింపలోనో గంపలోనో పడుక వేయుదురు, పేరు పెట్టుదురు. చాలవరకు అది పది దినములు బ్రతుకదు. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడిన పిదప చెరకు తగ్గి వరి పెరిగినను, గూటినుండి జారిన ఉడుతపిల్ల, బావిలో వదలిన తాబేలు, పట్టణమున గాజుతొట్టిలోని చేప, సంతలో కొన్న తెల్లకుందేలు, రంగురంగుల చిన్న చిలుకల జంట, ఇవి మన ఇండ్లలో లేకపోలేదు. పూర్వముకంటె నేడే ఎక్కువ.

అట్టి జీవి చనిపోయిన ఉదయమున జరుగునది చూడుడు. కాలువలో పారవేయుమని ఒకరందురు. పెంటకుప్పపై వేయుమని మరియొకరందురు. ఎక్కువమంది చెప్పు మాట మూడవది: ఎవరినైనా పిలిచి తీసివేయింపుము.

ఈ "ఎవరినైనా" అను మాటయొద్ద కొంత నిలువవలెను. చచ్చిన పశువును ఈడ్చుట మన గ్రామములలో ఒక కులము వారి తలపై మోపబడిన పని. నిజాము కాలపు తెలంగాణమున వెట్టి పేరిట కూలి లేకుండ చేయించుకొన్న పనులలో ఇట్టివి ఎన్నియో కలవు. జీవితమంతయు ఆ ఎద్దుచేత దున్నించుకొన్నవాడు అది ఊపిరి విడిచిన క్షణమున దూరముగ జరిగి నిలుచుండెను. దానివలన ఏ లాభమును పొందనివాడు వచ్చి దానిని మోసెను, మోసినందుకు అంటరానివాడనిపించుకొనెను. పన్నెండవ శతాబ్దమున కల్యాణములోని శరణులు ఎదిరించినది ఈ కట్టుబాటునే. మాదార చెన్నయ్యను బసవేశ్వరుడు తన వానిగా, పెద్దగా చెప్పుకొనెను. చెప్పులు కుట్టు హరళయ్య శరణుల సరసన కూర్చుండెను. కాయకము ఏదైనను హీనము కాదని వారు చెప్పిరి. దానిలో మనము సాధారణముగా మరచు సగము ఒకటి కలదు. హీనమని తలచి మన పనిని మరియొకని చేతికి నెట్టుటకు కూడ వీలులేదు. అరచేతిలో ఇమిడిన చిలుకను పది రూపాయలిచ్చి పనివాని చేత పారవేయించు ఇల్లు పై కథనే చిన్నదిగా మరల ఆడుచున్నది. గింజలు పెట్టిన చేయి తానే గుంట తీయవలెను. నా అభిప్రాయమున వీడ్కోలులోని మర్యాదయంతయు ఇక్కడనే మొదలగును. మిగిలినవన్నియు దీని తరువాతివి.

"ముట్టకుము, మైల" అని తల్లులు పిల్లలను వెనుకకు లాగుట తరచు కనిపించును. ఇతరుల ఇండ్లలో ఈ మాట వినిపించినచో ఆశ్చర్యము లేదు. లింగధారుల ఇండ్లలో ఇది ఎట్లు చేరినదో తెలియకున్నది. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను పంచసూతకములను త్రోసిపుచ్చిన మార్గము మనది. ఇంట మనుష్యుడు మరణించినను సూతకము పట్టనివారికి కుందేలు మరణించిన మైల ఎక్కడిది? చేతులు సబ్బుతో కడుగుకొనుట వేరు మాట. అది ఆరోగ్యమునకు సంబంధించినది, తప్పక చేయవలసినది. కడుగుకొన్న చేతులకును అపవిత్రమైన చేతులకును గల భేదమును పిల్లవానికి ఆ పూటనే చెప్పవచ్చును.

ఇక ఓదార్పు మాట యొకటి కలదు. ఏ పెంపుడు ప్రాణి పోయినను "దానికి మనకు ఋణము తీరినది" అందురు. తెలుగువారి నోట ఎంత సహజముగా వచ్చు మాట! వినుటకు శాంతిగానే యుండును. కాని ఎవరి ఋణము తీరినదని ఆలోచించినవారు అరుదు. మాట అనువారి మనస్సులో ఆ ప్రాణియే మనకు ఋణపడి వచ్చి, తీర్చుకొని పోయినట్లుండును. లెక్క తిరుగవేసి చూడుడు. అది తిన్నది గుప్పెడు గడ్డి, నాలుగు మిరపకాయలు, దోసెడు నూకలు. ఇచ్చినదో? బడినుండి వచ్చిన పిల్లవానికి సంతోషము, ఒంటరి ముదుసలికి మధ్యాహ్నపు పలకరింపు. పుచ్చుకొన్నవారము మనము. పంజరములో పెట్టియుండినచో ఆకాశమును కూడ పుచ్చుకొన్నాము. కనుక అది పోయిన దినమున ఋణము తీరుటకు బదులు, తీర్చుటకు ఎదుట ఎవరును లేకుండ మిగిలిపోయినది అనుట సత్యము. ఆ సత్యమును గుర్తెరిగి తలవంచి నిలుచున్న నిమిషమే వీడ్కోలు.

ఇచ్చట పెద్దలు కొందరు ఒక ఆక్షేపణ తెత్తురు. అది న్యాయమైనదే. "దీక్ష లేని జీవికి విభూతి, బిల్వము, సమాధి ఏమిటి? మనుష్యునికి చేయు క్రియను కుందేలునకు చేయుట క్రియను పరిహసించుట కాదా?" మన సమాధి విధానము ఊరక శవమును దాచుట కాదు. గురువు అనుగ్రహించిన ఇష్టలింగమును జీవితాంతము అర్చించిన దేహమును, ఆ లింగమును కరతలమున నుంచి, కూర్చున్న భంగిమలోనే, విభూతి బిల్వములతో భూమికి అప్పగింతుము. ఒకడు ఒక నియమమును స్వీకరించి కడవరకు నడిపెనని ఆ క్రియ సాక్ష్యము చెప్పును. కుందేలు ఏ నియమమును స్వీకరింపలేదు, దేనిని తప్పలేదు. నియమమే లేని ప్రాణికి నియమపు ముగింపు క్రియను జరుపుట దానికి గౌరవము కాదు, క్రియకును గౌరవము కాదు. కావున జంగమమూర్తిని పిలిచి పాదపూజ చేయించుట, కూర్చుండబెట్టి గూడు తవ్వించుట, బంధువులను పిలిచి భోజనము పెట్టుట తగవు. ఈ మధ్య పట్టణములలో పెంపుడు జంతువుల మరణమునకు మనుష్యుల వలెనే ఆహ్వానములు, పూలరథములు ఏర్పరచు వేడుక కొంత కనిపించుచున్నది. దానిలో దుఃఖము ఎంత, ప్రదర్శన ఎంత యని వేరుపరచుట కష్టము.

అయినను పిల్లవాడు తన నుదుటి విభూతిని వ్రేలితో తీసి ఆ చిన్న తలపై అద్దినచో, ఎవరును చేయి పట్టుకొని ఆపవలదు. అది సంస్కారమని వాడనలేదు. తనకు ప్రియమైనదానిని తనకు ప్రియమైన ప్రాణికి ఇచ్చుచున్నాడు.

శైవసంప్రదాయము అల్పప్రాణిని ఏ దృష్టితో చూచినదో తెలియుటకు దూరము పోనక్కరలేదు. శ్రీకాళహస్తి పేరు విప్పి చూడుడు. శ్రీ యనగా సాలెపురుగు, కాళమనగా పాము, హస్తి యనగా ఏనుగు. మూడును శివుని సేవించి ఆయనను చేరినవి. ధూర్జటి మహాకవి పదునారవ శతాబ్దమున ఈ కథలను విస్తరించి కావ్యము చెప్పెను. గమనింపదగిన విశేషమేమనగా, క్షేత్రనామములో సాలెపురుగే మొదట నిలిచినది. ఏనుగునకును దానికిని గల పరిమాణభేదమును అక్కడ ఎవరును లెక్కింపలేదు. దానికి దీక్ష ఎవరిచ్చిరి? తాను నేసిన గూడే దాని సేవ. కల్యాణపు శరణులలో ఆవుల మందను కాచుటయే కాయకముగా గల తురుగాహి రామణ్ణ ఉండెను. అతడును వచనకారుడే.

మన కాలమునకు సమీపమైన ఉదాహరణ తిరువణ్ణామలైలోని రమణాశ్రమము. అది వీరశైవ మఠము కాదు గాని శివుని అరుణాచలరూపమును ఆశ్రయించిన స్థలము. అచ్చట లక్ష్మి యను గోవు 1948 జూన్ 18న మరణించినపుడు రమణమహర్షి చెంత కూర్చుండి దాని తలపై చేయి ఉంచి యుండెను. ఆ వృత్తాంతమును సూరి నాగమ్మగారు తమ తెలుగు లేఖలలో వ్రాసిరి. ఆ గోవు సమాధి ప్రక్కనే వల్లి యను జింకకు, జాకీ యను కుక్కకు, పేరు లేని ఒక కాకికి కూడ సమాధులు కలవు. గోవునకు సమాధి కట్టుట దేశమున క్రొత్త కాదు. కాకికి కట్టుట చూచి ఎవరైనను ఒక క్షణమాగుదురు. కాకిని మనము పిండము ముట్టుటకు పిలుతుము, ముట్టిన పిమ్మట తోలుదుము. దానికొక చోటు ఉండదగునని తలచినవారు అరుదు.

దీనికి భిన్నమైన స్మారకమొకటి కన్నడదేశమున మండ్య ప్రాంతపు ఆతకూరులో దొరికినది. క్రీ.శ. 949-50 నాటి శాసనమది. రాష్ట్రకూట మూడవ కృష్ణుని కాలమున, గంగరాజు బూతుగుని వీరుడైన మణలేరుడు, యుద్ధమున చూపిన పరాక్రమమునకు బహుమతిగా కాళి యను వేటకుక్కను కోరి పుచ్చుకొనెను. ఆ కుక్క అడవిపందితో పోరి, రెండును చచ్చినవి. శివాలయము ఎదుట శిల నిలిపి, భూమి దానమిచ్చి, శిలను పూజింపక భుజించిన గొరవనికి పాపము చుట్టుకొనునని చెక్కించిరి. వెయ్యేండ్లు దాటినను కుక్క పేరు మనకు తెలియుచున్నది, ఇది సామాన్యము కాదు. కాని ఆ శిలను తలచినపుడెల్ల నాకొక సందేహము కలుగును. అది కుక్కకు వీడ్కోలా, వేటగాని కీర్తికి స్తంభమా? పంది కూడ అచ్చటనే చచ్చినది కదా. రాజులు జంతువులయెడ చూపిన ప్రేమలో ఈ రెండును కలిసియుండును. మన బోధనునే చూడుడు. ఇది పోదనమని పేరొందిన దినములలో, వేములవాడ చాళుక్యుల పూర్వికుడైన యుద్ధమల్లుడు తైలము నింపిన వాపిలో ఏనుగులకు స్నానము చేయించెనని ఆ వంశపు కథ చెప్పుచున్నది. 941లో విక్రమార్జునవిజయమును ముగించిన పంపకవి ఆశ్రయించినది ఆ వంశమునే. ఏనుగునకు తైలస్నానము కావ్యమునకెక్కినది. ఆ ఊరి పిల్లలు పెంచిన ఉడుతను గూర్చి ఎవరు వ్రాయుదురు?

పంజరము మాట యొకటి ముందే వచ్చినది. దానిని దాటవేసి వీడ్కోలును గూర్చి మాటాడుట సగము మాటాడుట. మన రామచిలుకను, అడవి చెవులపిల్లిని, నక్షత్రపు తాబేలును ఇంట పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. ఈ సంగతి తెలియనివారు మనలో అనేకులు. అక్క మహాదేవి శ్రీశైలపు దారిలో తన ప్రభువు జాడను అడిగినది అడవిలో ఎగురు చిలుకలను. పంజరములోని చిలుకకు జాడ ఎట్లు తెలియును? దసరానాడు పాలపిట్టను చూచిన శుభమని మనవారి నమ్మకము. ఉత్తరాదివారు దానిని నీలకంఠమందురు, అది శివుని పేరే. ఆ పేరు గల పిట్టను వలపన్ని పట్టి, కాళ్లు కట్టి, ఇంటింటికి త్రిప్పి చూపి రూపాయలడుగువారు కలరు. మనము చూచి, దండము పెట్టి, డబ్బిత్తుము. పండుగ వెళ్లిన మూడవనాడు అది చచ్చినచో దానికి వీడ్కోలు చెప్పువారెవరు? రాతినాగునకు పాలు పోసి బ్రతికిన పామును కొట్టువారిని బసవేశ్వరుడు మందలించిన వచనమును మన పిల్లలు సైతము వల్లింతురు. రాయి స్థానమున పంజరమున్నచో ఆ మందలింపు మనకు తగులకపోవునా? డబ్బు ఈయకుండుట, అటవీశాఖ వారికి తెలుపుట ఆ పిట్టకు చేయదగిన గౌరవము.

చేతిలో పెరిగిన చిలుకను "స్వేచ్ఛ యిచ్చితిమి" అని మిద్దెపైనుండి ఎగురవేయుట కూడ మేలు కాదు. మేత వెదకుకొనుట నేర్వని పక్షిని కాకులు క్షణములో పొడిచివేయును. తాబేలు విసుగు పుట్టగానే దేవాలయపు కోనేటిలో వదలుట మరియొక దురలవాటు. దుకాణములలో అమ్ము ఎర్రచెవుల తాబేలు విదేశపు జాతి. అది మన చెరువుల తాబేళ్ల మేతను, చోటును ఆక్రమించును. పుణ్యమని వదలిన ఒక ప్రాణి పది ప్రాణులకు కీడు. వదిలించుకొనుటకు వీడ్కోలు అను పేరు పెట్టరాదు. అడవికి చెందిన ప్రాణిని అటవీశాఖకు అప్పగించుట మేలు. ఇంటి ప్రాణిని కడవరకు ఉంచుకొనవలెను. ధర్మరాజు స్వర్గద్వారమున కుక్కను విడువనన్నది ఎల్లరు ఎరిగిన కథయే.

కడవరకు అను మాటలో రోగకాలము కూడ ఉన్నది. కుందేలు, పక్షి తమ బాధను దాచుకొను జాతులు. బలహీనత కనబడినచో శత్రువు మీద పడునని వాటి స్వభావము. కుందేలు ఒక దినము మేత ముట్టలేదనగా రేపు చూతమనుట ప్రమాదము, అప్పుడే పశువైద్యుని కడకు పోవలెను. "రెండువందల రూపాయల కుందేలునకు అయిదువందల వైద్యమా?" అని నవ్వువారుందురు. కొన్న ధరను బట్టి బాధను తూచు త్రాసు ఏ మఠములో ఉన్నదో వారే చెప్పవలెను. బాగుపడు ఆశ లేదని, నొప్పి తగ్గించు మార్గమును లేదని వైద్యుడు చెప్పినచో నిద్రపుచ్చు మందు మాట వచ్చును. ప్రాణిహింసను నిరసించిన మార్గములో ఇది కఠినమైన ప్రశ్న. నేను దీనిని తేలికగా చూచుటలేదు. ఎవరి బాధను ముగించుటకు ఆ సూది యని మొదట అడుగుకొనవలెను. రాత్రి మేలుకొనలేక, ఇల్లు మురికియగునని, ఖర్చగునని యైనచో అది వధయే. ప్రాణి బాధకొరకే యైనచో, వైద్యుడు వేరు దారి లేదన్న పిమ్మట, దానిని దయ యనుటకు నేను సందేహింపను. కాని అప్పుడు పెంచినవాడు గది బయట నిలువరాదు. దాని తల తన చేతిలోనే యుండవలెను.

ఇక పూడ్చు విధము. రెండు మూడు అడుగుల లోతున తీయవలెను, లేనిచో ఆ రాత్రియే కుక్కలు త్రవ్వును. బావికి, బోరింగునకు దూరముగ ఉండవలెను. పాత నూలుబట్టలో చుట్టవచ్చును గాని ప్లాస్టికు సంచి తగదు, అది మట్టిలో కలియదు. కాలువలో వేయుట ఎంతమాత్రము తగదు, దిగువ ఊరి పశువులు ఆ నీరే త్రాగును. స్థలము లేని అపార్టుమెంటువారు బంధువుల పొలమును అడుగవచ్చును. పిచుకంత పక్షికి, చేపకు పెద్ద పూలకుండీలోని మట్టియే చాలును. ఇంటిలోనో వాడలోనో పక్షులు వరుసగా చచ్చుచున్నచో మాత్రము చేతితో ముట్టక పశుసంవర్ధకశాఖ వారికి తెలుపవలెను, అది అంటువ్యాధి కావచ్చును. పూడ్చిన పిమ్మట ఎవరైనను రెండు మాటలు చెప్పవచ్చును. దాని పేరు, అది ఎన్నినాళ్లు ఉన్నది, దేనిని ఇష్టపడెడిది. అంతకు మించిన మంత్రము అక్కరలేదు.

పిల్లవానితో "పారిపోయినది", "తోటకు పోయినది" అని చెప్పువారున్నారు. సాయంత్రమునకు అదే రంగు కుందేలును కొనితెచ్చి మాటున మార్చువారు కూడ కలరు. పిల్లలు కనిపెట్టుదురు. కుందేలు చచ్చినదన్న దుఃఖము వారము దినములలో తగ్గును, ఇంటివారు కల్ల చెప్పిరన్నది చాలకాలము ఉండును. "అది శివుని చేరినదా?" అని వాడడిగినచో సాలెపురుగు కథ చెప్పవచ్చును. చెప్పి, మిగిలినది వానికే వదలవచ్చును. క్రొత్త ప్రాణిని తెచ్చుటకు తొందర వలదు. ఖాళీయైన పంజరమును ఏమి చేయవలెనని అడిగినవారు కలరు. తీగలు విప్పినచో, మేకలు మేయకుండ మారేడు మొక్క చుట్టు కంచె వేయుటకు అది బాగుగనే పనికివచ్చును.